వార్షికోత్సవం పిల్లల నాటిక: ఓట్సేగో పెట్టె – ఎవరెవరు ఏ పని తీసుకుంటారు?

స్క్రిప్టు రాస్తున్నవారు:
అందరికీ నమస్కారం. ఈసారి పిల్లలతో 1792 నాటి అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర గవర్నర్ ఎన్నిక వేయిద్దాం అనుకున్నాం కదా. మనం ఆ రాష్ట్ర రాజధాని ఆల్బనీ వాళ్ళం. ఈ కథ మొదలయ్యే, ఓట్సేగో కౌంటీ (మన జిల్లా లాంటిది)లోని కూపర్స్‌టౌన్ కారులో గంటన్నర దూరమే. బేస్‌బాల్ మ్యూజియం చూడ్డానికి మన పిల్లలంతా వెళ్ళొచ్చిన ఊరు.

కథ ఇదీ. 1777 నుంచీ గవర్నర్‌గా ఉన్న జార్జ్ క్లింటన్ మీద జాన్ జే నిలబడ్డాడు. అప్పటికి ఆయన దేశ ప్రధాన న్యాయమూర్తి, ఆ పదవిలో మొట్టమొదటివాడు. అప్పట్లో ఊళ్ళలో వేసిన ఓట్లు కౌంటీ శాంతిభద్రతలు చూసే షెరీఫ్‌కి చేరితే, ఆయన న్యూయార్క్ నగరానికి పంపేవాడు. లెక్కపెట్టేది శాసనసభ్యుల కమిటీ. ఓట్సేగో షెరీఫ్ పదవీకాలం అప్పటికే అయిపోయింది. కొత్తాయన ఇంకా బాధ్యత తీసుకోలేదు. దాంతో పాతాయనే ఓట్ల పెట్టె పంపాడు. ఆయనకి ఆ అధికారం లేదంటూ కమిటీ 7–4తో ఆ ఓట్లను తోసిపుచ్చింది. టియోగా, క్లింటన్ అనే మరో రెండు కౌంటీల ఓట్లు కూడా పెట్టె చేతులు మారిన తీరు సరిగా లేదని లెక్కలోకి రాలేదు. చివరికి క్లింటన్‌కి 8,440, జేకి 8,332. తేడా 108 ఓట్లు! ఓట్సేగో జనం మొగ్గు మాత్రం జే వైపు.

నాకు మాత్రం ఇందులో హీరో క్లింటన్ కాదు, జే కాదు. పొలం పని ఆపుకుని వచ్చి ఓటు వేసిన ఓట్సేగో రైతు. తప్పు కాగితాల్లో ఉంటే ఓటు పోయింది ఆయనది.

అలంకరణ చూస్తున్న అక్క:
పెట్టె నేను చేస్తాను. పెద్ద అట్టపెట్టెకి చెక్క రంగు వేసి, పురికొస చుట్టి, ముడి మీద ఎర్ర మైనం ముద్ర. చివర్లో పిల్లలు తెరిచి చీటీలు ఎగరేస్తే ఫొటోలు బాగా వస్తాయి, ఏమంటావు తమ్ముడూ?

స్క్రిప్టు:
తెరవొద్దక్కా, దయచేసి. ఆ ఓట్లు లెక్కపెట్టలేదన్నదే కథ. రైతు వేషం వేసే పాప పెట్టె దగ్గరికొచ్చి ఒక్కసారి కదిలిస్తుంది, లోపల చీటీలు గలగలమంటాయి, అంతే. మందంగా ఉండే కాగితం వేస్తే చప్పుడు వినిపిస్తుంది.

మైకులు, లైట్లు చూస్తున్న అన్న:
పెట్టె వెనక చిన్న మైకు పెడతాను. ఆ ఒక్క నిమిషం మ్యూజిక్ ఆపేద్దాం.

పిల్లల రిహార్సల్స్ చూస్తున్న వదిన:
రెండు విషయాలు. జేని మరీ దేవుణ్ణి చేయకండి. బానిసత్వం పోవాలన్న సంఘాన్ని నడిపిన మనిషే, కానీ తన ఇంట్లోనూ బానిసలు ఉండేవారు. అలాగే కూపర్స్‌టౌన్‌లో విలియం కూపర్ అనే జడ్జి జేకి ఓటెయ్యమని జనాన్ని బెదిరించాడని ఫిర్యాదులొచ్చాయి. అదీ ఒక సీను ఉండాలి. ఇంకొకటి, గవర్నర్‌కి ఓటెయ్యాలంటే 100 పౌండ్ల విలువైన సొంత భూమి ఉండాలి. మామూలు కౌలు రైతుకి ఆ ఓటు లేదు.

స్క్రిప్టు:
నిజమే వదినా, అది నేను వదిలేశాను. భూమి లేక ఓటు దక్కని మనిషి ఒకరు గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటారు. ఆ పాత్ర ఈ రాత్రే రాస్తాను. ఓడిన తర్వాత కూడా జే తనవాళ్ళను శాంతంగా ఉండమన్నాడు, 1795లో గవర్నరయ్యాడు. దానికి ఆఖర్లో రెండు లైన్లు చాలు.

వదిన:
శనివారం పదింటికి మొదటి రిహార్సల్. పెట్టె అప్పటికి రాకపోయినా తాడు కట్టిన ఏదో ఒక డబ్బా తెండి, పిల్లలకి బరువు తెలియాలి. షెరీఫ్ పాత్రకి ఇంకా ఎవరూ పేరివ్వలేదు, పదేళ్ళు దాటిన పిల్లలుంటే చెప్పండి.