క్యాసెట్ నుంచి ఎక్కించిన పాఠాల శ్రుతి, వేగం సరిచేయడం ఎలా?

ప్రశ్న (కందుకూరు):
నమస్కారమండీ. మా నాన్నగారు 1994లో తమ గురువుగారి ఎదుట కూర్చుని నేర్చుకున్న కర్ణాటక సంగీత వర్ణాలను టేప్‌రికార్డరులో పట్టుకున్నారు. ఆ క్యాసెట్లను ఇటీవల ఒక స్టూడియోలో ఇచ్చి ఎంపీ3 ఫైళ్లుగా మార్పించాము. గురువుగారు ఎప్పుడూ ఒకటి శ్రుతిలోనే పాడేవారని నాన్నగారు అంటారు. కానీ హార్మోనియం మీద సరిచూస్తే షడ్జమం (‘స’ స్వరం) ఒకటిన్నర శ్రుతిలో, అంటే అర మెట్టు ఎక్కువగా పలుకుతోంది, గొంతు కూడా సన్నబడింది. వీఎల్‌సీ ప్లేయరులో వేగం తగ్గిస్తే పాట నెమ్మదించింది గానీ శ్రుతి కదలలేదు. దీనిని సరిచేయడం ఎలా? మా అమ్మాయి ఇవే వర్ణాలు నేర్చుకుంటోంది కనుక ఆమెకు నెమ్మదిగా వినిపించే మార్గం కూడా చెప్పగలరు.

సమాధానం (ఒంగోలు):
మీరు అడిగినవి రెండు వేరువేరు పనులండీ, వాటిని కలిపితేనే చిక్కు. క్యాసెట్టు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. రికార్డు చేసేనాటికి టేప్‌రికార్డరు బెల్టు సాగి టేపు నెమ్మదిగా కదిలి ఉంటే, సరైన వేగంతో నడిచే డెక్కులో అదే టేపు హడావుడిగా, హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది. అక్కడ వేగమూ శ్రుతీ కలిసి చెడ్డాయి కనుక కలిపే దించాలి. వీఎల్‌సీ మాత్రం ధ్వనిని చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒకదానిపై ఒకటి కొంత కప్పి అతికి, శ్రుతి మారకుండా సాగదీస్తుంది. పైగా అది వినడానికే తప్ప ఫైలును మార్చదు.

ధ్వనిని దిద్దడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో ‘ఛేంజ్ స్పీడ్’ వాడండి. కొత్త వెర్షన్లలో దాని పేరు ‘ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్’. మీ పాట అర మెట్టు హెచ్చింది, అర మెట్టు అంటే పౌనఃపున్యంలో 1.0595 రెట్లు. చాలామంది ఇక్కడ 5.95 శాతం తగ్గిస్తారు, అది పొరపాటు. 1ని 1.0595తో భాగిస్తే 0.944 వస్తుంది, అంటే తగ్గించవలసినది 5.6 శాతం.

చెవి మీదనే ఆధారపడనక్కరలేదు. నాటి టేప్‌రికార్డరు కరెంటు మీద నడిచి ఉంటే, పాటకు ముందున్న నిశ్శబ్దంలో సన్నని రొద ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ రొద కూడా అక్కడే ఉండాలి. ఆ భాగాన్ని ఎంచుకుని ఏ పౌనఃపున్యం ఎంత ఉందో గీసి చూపే ‘ప్లాట్ స్పెక్ట్రమ్’లో సైజు 65536 పెట్టి చూడండి. ఆ గీతలో శిఖరం 53 హెర్ట్జ్ దగ్గర ఉంటే మీ అనుమానం నిజమే. సరిగ్గా 50 దగ్గర కూడా మరొకటి కనిపిస్తే అది ఎక్కించేటప్పుడు చేరిన రొద, దానిని లెక్కలోకి తీసుకోకండి.

వీలైతే స్టూడియో వారిని వేవ్ ఫైళ్లు (ధ్వనిని కుదించకుండా దాచేవి) అడగండి. ఎంపీ3ని దిద్ది మళ్లీ ఎంపీ3గా దాచిన ప్రతిసారీ ధ్వని కొంత నష్టపోతుంది.

సమాధానం (నెల్లూరు):
నేను గాత్రం నేర్పుతాను. శ్రుతి దిద్దిన తరువాతనే అమ్మాయి కోసం, శ్రుతి మారకుండా వేగం మాత్రమే మార్చే ‘ఛేంజ్ టెంపో’తో వేరే ప్రతి చేయండి. వేగాన్ని అసలు వేగంలో 75 శాతం కంటే కిందికి దించకపోవడం మంచిదని నా అభిప్రాయం. సగానికి దించితే మృదంగం దెబ్బ రెండుగా చీలినట్లు వినిపిస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు. గురువు విళంబంలో (నెమ్మది కాలంలో) పాడేటప్పుడు గమకాన్ని ఆ కాలానికి తగినట్లు మలుస్తారు, యంత్రం ఉన్న గమకాన్నే సాగదీస్తుంది. కనుక నెమ్మది ప్రతితో స్వరస్థానాలు పట్టుకోవాలి, గమకాన్ని అసలు వేగంలోనే వినాలి.

ప్రశ్న అడిగినవారు (కందుకూరు):
ఇద్దరికీ ధన్యవాదాలు. వేవ్ ఫైళ్లు దొరికాయి. మొదటి క్యాసెట్టులో రొద 53 దగ్గరే ఉంది, 0.944తో దించగానే షడ్జమం తంబురా ఒకటి శ్రుతితో కలిసింది, గురువుగారి గొంతు ఇదేనని నాన్నగారు వెంటనే అన్నారు. రెండవ క్యాసెట్టులో మాత్రం శిఖరం 51.5 దగ్గర ఉంది. దానికి 0.971 వేయాలనుకుంటున్నాను, సరేనా?

సమాధానం (ఒంగోలు):
సరైన లెక్కేనండీ. ఏ క్యాసెట్టుకు ఆ క్యాసెట్టును, వీలైతే రెండు వైపులనూ విడివిడిగా కొలవండి.