30 కిలోమీటర్ల తర్వాత మనసుకు ఎలా నచ్చజెప్పుకోవాలి?

మారథాన్ అనుభవం ఉన్నవాళ్లు కొంచెం దారి చూపించండి.

ఇప్పటికి రెండు ఫుల్ మారథాన్‌లు పరిగెత్తాను. 42.195 కిలోమీటర్లలో మొదటి 30 హాయిగానే గడుస్తాయి. ఆ తర్వాత కాళ్లు బరువెక్కడం మామూలేనని తెలుసు, కండరాల్లో ఇంధనంగా నిల్వ ఉండే గ్లైకోజెన్ అడుగంటే సమయం అది. శక్తి కోసం ఎనర్జీ జెల్స్, నీళ్లు తీసుకుంటూనే ఉన్నాను. నా ఇబ్బంది ఒంటితో కంటే మనసుతోనే ఎక్కువ. వాచీలో పేస్ కిలోమీటరుకు 6 నిమిషాల నుంచి 7కు జారగానే టెన్షన్ మొదలవుతుంది. ఇన్ని నెలల ప్రాక్టీస్ వృథా అయిపోయిందనిపిస్తుంది. తెలియకుండానే భుజాలు, దవడ బిగించేస్తాను. దాంతో ఇంకా అలిసిపోతాను.

బాధను ఒప్పుకుని పరిగెత్తమంటారు. నిజమే అనిపిస్తుంది, కానీ ఆ క్షణంలో ఒప్పుకోవడమంటే సరిగ్గా ఏం చేయాలి? ఊపిరి మీద దృష్టి పెట్టాలా, అడుగులు లెక్కపెట్టాలా, వాచీ చూడడమే మానేయాలా? ఒప్పుకోవడానికీ చేతులెత్తేయడానికీ తేడా మీకు ఎలా తెలిసింది? (ఒకేచోట పొడిచినట్టు నొప్పి వస్తే ఆగిపోతాను, నా ప్రశ్న దాని గురించి కాదు.)

మూడో మారథాన్‌కు ఇంకా మూడు నెలలుంది. లాంగ్ రన్స్‌లోనే దీన్ని సాధన చేసే పద్ధతి ఉంటే దయచేసి చెప్పండి.