ఏఐ స్కోరు చూసి ప్రాజెక్టు రిపోర్టు వెనక్కి పంపొచ్చా?

నమస్కారం. మా యూనివర్సిటీలో బీటెక్ ప్రాజెక్టులకు ఏఐ నిబంధనలు తయారవుతున్నాయి. ముసాయిదాలో "టర్నిటిన్ ఏఐ స్కోరు 20 శాతం దాటితే రిపోర్టు తిరస్కరణ" అని ఉంది. టర్నిటిన్ అంటే కాపీనీ, ఏఐ రాతనూ పసిగట్టే సాఫ్ట్‌వేర్; రిపోర్టులో ఎంత భాగం ఏఐ రాసి ఉండొచ్చో దాని ఏఐ స్కోరు చెబుతుంది. 20 శాతం కంటే తక్కువ స్కోర్లు నమ్మదగ్గవి కావని టర్నిటిన్ అంకె చూపించదు. అంతేగానీ 20 దాటితే దోషమని కాదు.

సిమిలారిటీ స్కోరైతే (ఇతర రాతలతో ఎంత కలుస్తోందో చెప్పే అంకె) మూలం పక్కనే కనిపిస్తుంది, సరిచూసుకోవచ్చు. ఏఐ స్కోరుకు అలాంటి ఆధారం ఉండదు, అది అంచనా మాత్రమే. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో టర్నిటిన్ ఏఐ డిటెక్టర్‌ను ఆపేసింది. తప్పు 1 శాతమే అనుకున్నా 75,000 పేపర్లలో 750 అన్యాయంగా దొరుకుతాయని వాళ్ల లెక్క. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల రాతనే డిటెక్టర్లు ఎక్కువగా అనుమానిస్తాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. మన తెలుగు మీడియం పిల్లల సంగతి ఆలోచించండి.

బదులుగా ఏ టూల్ ఎందుకు వాడారో తెలిపే ఒక పేజీ, డ్రాఫ్టుల వెర్షన్ హిస్టరీ, 10 నిమిషాల వైవా పెట్టాలన్నది నా ప్రతిపాదన. చిక్కల్లా వైవాతోనే: 60 మంది సెక్షన్‌కు 10 గంటలు.

మీ కాలేజీలో ఇది నడుస్తోందా? వైవా అందరికీ పెడుతున్నారా, కొందరికేనా? కొందరికే అయితే ఎవరిని, ఎలా ఎంచుతున్నారు? విద్యార్థి అప్పీలు చేసుకుంటే ఏ రికార్డు చూపిస్తున్నారు? అమల్లో ఉన్న నిబంధనల కాపీ ఉంటే దయచేసి పంచుకోండి.