డ్రై ఐస్ అయిపోయి వచ్చిన వీపీఎస్29 ప్రోటీను పనికొస్తుందా?

ఎండోసోమ్_విశాఖ:
నమస్కారం. విశాఖలో పీహెచ్‌డీ రెండో ఏడు చేస్తున్నాను. కణంలోపలి సంచుల్లాంటి ఎండోసోముల దగ్గరికి చేరిన పొర ప్రోటీన్లను ఏరి గాల్జీకో, కణం పైపొరకో తిప్పి పంపే రెట్రోమర్ అనే ప్రోటీన్ల కూటమి మీద నా పని. అందులో ఒక భాగమైన మానవ వీపీఎస్29 యాభై మైక్రోగ్రాములు తెప్పించాము. ఈ.కోలిలో తయారైంది, ముందు కొసన హిస్ ట్యాగ్ (నికెల్‌ను పట్టుకునే చిన్న తోక) ఉంది, 20 శాతం గ్లిజరాల్‌లో వచ్చింది.

శుక్రవారం రావలసిన పెట్టె సోమవారం మధ్యాహ్నం చేరింది. మూత తీస్తే డ్రై ఐస్ ఒక్క పలుకు కూడా లేదు. ట్యూబు వేళ్ళకు చల్లగా కూడా తగలలేదు, వంచితే లోపలి ద్రవం అటూ ఇటూ కదిలింది. ఆ క్షణం నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒక మైక్రోలీటరు తీసి, ప్రోటీన్లను పొడవును బట్టి విడదీసే ఎస్‌డీఎస్ జెల్ మీద వేశాను. బ్యాండు ఒక్కటే, శుభ్రంగా ఉంది, కానీ 20.5 దగ్గర కాకుండా 22, 23 కిలోడాల్టన్ల దగ్గర కనిపిస్తోంది. పాడైందా? ఈ ఏటి రసాయనాల డబ్బు దాదాపు అయిపోయింది, మళ్ళీ కొనలేము. రెట్రోమర్‌లోనే మరో భాగమైన వీపీఎస్35, ట్యాగ్ కోసేసినది, మాత్రం మా దగ్గర ఉంది.

జెల్‌పట్టీ:
బ్యాండు గురించి దిగులు వద్దు. వీపీఎస్29లో 182 అమైనో ఆమ్లాలు. ట్యాగ్, దాన్ని అతికించే ముక్క కలిపి ఇంకో ఇరవై వేసుకోండి. ఒక్కోటి సగటున 110 డాల్టన్లు అనుకుంటే 22 వేలు దాటుతుంది. మీ జెల్ సరిగానే చెబుతోంది.

సీతమ్మధార_మాస్టారు:
అమ్మా, పై లెక్క సరైనదే. అయితే జెల్ చెప్పేది పొడవు మాత్రమే. ఎస్‌డీఎస్‌లో మరిగించాక మంచి ప్రోటీనూ, మడత చెడిన ప్రోటీనూ ఒకే చోట నిలబడతాయి. అది చూసి ఉంచుకోకండి, అది చూసి పారేయకండి.

పారేయడం గురించి నాకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ల్యాబుకు రోజుల తరబడి కరెంటు లేదు. మైనస్ 80 ఫ్రీజరు తలుపు కింది నుంచి నీళ్ళు కారుతుంటే తువ్వాళ్ళు పరిచాము. ట్యూబులన్నీ కరిగిపోయాయని ఒక్కటి కూడా పరీక్షించకుండా పారేయించాను. మళ్ళీ తయారు చేయడానికి ఆరు నెలలు పట్టింది. ఆ తర్వాత ఒక పెట్టె మూలన అప్పటి ట్యూబు ఒకటి దొరికింది. దాని జోడీ ప్రోటీనుతో కలిపి చూస్తే చక్కగా పట్టుకుంది! ఆ రోజు నేను అన్నం తినలేదు.

కాబట్టి ముందు ట్యూబును 4 డిగ్రీల దగ్గర పది నిమిషాలు గరిష్ఠ వేగంతో తిప్పండి. ముద్దకట్టిన ప్రోటీను అడుగుకు చేరుతుంది. పైతేటను కొత్త ట్యూబులోకి తీసి, పైదీ అడుగుదీ ఒకే పాళ్ళలో పక్కపక్కన జెల్ మీద వేయండి. ఎక్కువ భాగం పైతేటలో ఉంటే అసలు పరీక్షకు వెళ్ళండి: అది వీపీఎస్35ను పట్టుకుంటుందా? వీపీఎస్29 కూర్చునేది వీపీఎస్35 చివరి సగంలో, రెట్రోమర్‌లో ఇంకో భాగమైన వీపీఎస్26 కూర్చునేది మొదటి కొసన. నికెల్ పూసలకు మీ వీపీఎస్29ను పట్టించి, వీపీఎస్35 కలిపి, కడిగి చూడండి. 92 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండు వస్తే మీ ప్రోటీను బతికే ఉంది. వీపీఎస్29 లేని ఉత్త పూసలతో ఇంకో ట్యూబు తప్పకుండా పెట్టండి, లేకపోతే ఆ బ్యాండుకు విలువ లేదు. బఫరులో ఈడీటీఏ ఉండకూడదు, నికెల్‌ను ఊడదీస్తుంది.

మిగిలినదాన్ని చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, ఒక్కోదాన్ని ఒక్కసారే కరిగించండి. అన్నీ ఒకే ఫ్రీజరులో పెట్టకండి.

జెల్‌పట్టీ:
ఉత్త పూసలకు కూడా వీపీఎస్35 అంటుకుంటే, కడిగే బఫరులో నికెల్ పూసలకు ఊరికే అంటుకున్నదాన్ని విడదీసే ఇమిడజోల్ 20 మిల్లీమోలార్ వేయండి. నాకు చాలాసార్లు అదే సమస్య.

ఎండోసోమ్_విశాఖ:
మాస్టారూ, చేశాను. తిప్పాక ట్యూబు అడుగున గోరుతో గీసినంత తెల్లటి మచ్చ కనిపించి భయపడ్డాను. జెల్ మీద అది లీలగా కనబడే గీత మాత్రమే, దాదాపు అంతా పైతేటలోనే ఉంది. మొదటిసారి ఉత్త పూసల్లో కూడా వీపీఎస్35 వచ్చింది. ఇమిడజోల్ వేశాక అక్కడ పోయింది, వీపీఎస్29 ఉన్నచోట నిలిచింది.

2011లో పార్కిన్సన్స్ కుటుంబాల్లో బయటపడిన మార్పు, 620వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం బదులు ఆస్పరజిన్ వచ్చే వీపీఎస్35, దానితో ఇదే పరీక్ష చేయాలన్నది నా తర్వాతి పని. పది మైక్రోలీటర్ల చొప్పున ఎనిమిది ట్యూబులు మిగిలాయి. గురువారం మా భవనానికి కరెంటు ఉండదని నోటీసు అంటించారు. నాలుగింటిని పక్క భవనం ఫ్రీజరులో పెట్టి ఇప్పుడే వచ్చాను.