కడుపుతో ఉన్న అమ్మాయిని "మందు తాగుతారా" అని డాక్టర్ అడగాలా, వద్దా?

పటమట కోడలు:
మా ఆడపడుచుకి మూడో నెల. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, పురుడు మాత్రం పుట్టింట్లోనే కాబట్టి ముందుగానే చూపిద్దామని సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం, నేనూ మా అత్తగారూ. బీపీ, బరువు చూశారు, థైరాయిడ్, షుగర్ పరీక్షలు రాశారు. మేనరికమా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, ఇంతకుముందు అబార్షన్ ఏమైనా అయిందా, అన్నీ అడిగారు. మందు అలవాటు ఉందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అత్తగారు బిల్లు కట్టడానికి కౌంటర్ దగ్గరికి వెళ్లినప్పుడు తను నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వదినా, నెల తప్పిందని తెలియకముందు ఆఫీసు పార్టీలో రెండు గ్లాసుల వైన్ తాగాను, అమ్మ పక్కనే కూర్చుంటే డాక్టర్‌కి ఎలా చెప్పను" అంది. అప్పటినుంచి ఆ పిల్లకి నిద్ర లేదు, ఫోన్‌లో కనిపించిందల్లా చదివి ఏడుస్తోంది.

నేననేది ఒకటే. మొదటి చెకప్‌లోనే ప్రతి గర్భిణినీ మందు సంగతి అడగాలి, చదువుకున్నదా కూలికి వెళ్లేదా అని చూడకుండా అడగాలి, అదీ ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. "మనవాళ్లు తాగరులే" అని వదిలేస్తే తాగినవాళ్లు నోరు తెరవరు, మానమని వాళ్లకి చెప్పే దిక్కూ ఉండదు. మీరేమంటారు?

కృష్ణలంక వాసి:
అమ్మా, మీ ఆడపడుచు టెన్షన్ అర్థమైంది కానీ అందర్నీ అడగాలనడం నాకు నచ్చలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తమ్మీద మందు తాగే ఆడవాళ్లు నూటికి ఒకరు. అరుణాచల్ ప్రదేశ్‌లో నూటికి 24 మంది, అక్కడ అడిగితే అర్థం ఉంది. మన దగ్గర వంద మందిని నొప్పించి ఒకరిని పట్టుకోవడం ఏం పద్ధతి? పల్లెటూరి నుంచి అత్తగారితో వచ్చిన పిల్లని "తాగుతావా" అంటే, ఇంటికెళ్లేలోపే "నిన్నే ఎందుకడిగారు" అని మొదలవుతుంది. అడగాలంటే మొగుణ్ని అడగండి. కడుపుతో ఉన్న పెళ్లాన్ని తాగొచ్చి కొట్టేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఎందుకు? తాగేది మగాళ్లు, అనుభవించేది వీళ్లు. ముందు ఆ సంగతి అడిగే డాక్టర్ ఉంటే చూపించండి.

స్టాఫ్ నర్సు, గుంటూరు:
బాబాయ్ గారూ, మొగుడి తాగుడు గురించి మీరన్నది అక్షరాలా నిజం, అది కూడా అడగాలి. కానీ నూటికి ఒకరే కదా అనడం మాత్రం ఒప్పుకోను. సర్వేకి ఎవరో అమ్మాయి వచ్చి గడపలో నిలబడి, ఇంటిల్లిపాదీ వింటుండగా "మందు తాగుతావా" అంటే ఎంతమంది అవునంటారు? పైగా నూటికి ఒకరైనా సరే, మన జిల్లా ఆసుపత్రుల్లో ఏడాదికి జరిగే కాన్పులు లెక్కేసుకోండి, ఆ ఒకరు ఎంతమంది అవుతారో. హెచ్ఐవీ పరీక్ష అందరికీ చేస్తున్నాం కదా, ఎవరినీ అనుమానించి కాదు, అందరికీ కాబట్టే ఎవరూ నామోషీ పడటం లేదు. ఇదీ అంతే.

అడిగే తీరు తెలియాలి, అంతే. నేను బరువు చూసేటప్పుడు కర్టెన్ వెనక ఒంటరిగా ఉంటారు, అప్పుడే అడుగుతాను. ముందు టీ, కాఫీ రోజుకి ఎన్నిసార్లు అని, తర్వాత వక్క, కిళ్ళీ, పొగాకు, ఆ వరసలోనే కల్లు, బీరు, వైన్ ఎప్పుడైనా తీసుకుంటారా, నెల తప్పకముందు తీసుకున్నారా అని. "తాగుతావా" అని కాదు, "అందర్నీ అడుగుతామమ్మా" అని ముందే చెప్పి అడుగుతాను. కూలికి వెళ్లి ఒళ్లు నొప్పులని సాయంత్రం కల్లు తాగే ఆవిడా చెప్పింది, కారులో వచ్చిన ఇంజనీర్ అమ్మాయీ చెప్పింది. అడిగితేనే చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది, ప్రతి గర్భిణినీ వీలైనంత తొందరగా అడగాలి, ప్రతి చెకప్‌లోనూ అడగాలి అని.

తెనాలి టు డల్లాస్:
నాకు ఇక్కడ మొదటి విజిట్‌లోనే ఫారం ఇచ్చారు, అందులో ఈ ప్రశ్న ఉంది, ఎవరూ ఏమీ అనుకోలేదు. కాబట్టి అడగాలనే దానికి నా ఓటు. కానీ అడిగాక ఏం చెప్తారు అన్నదే నా సందేహం. చుక్క ముట్టుకున్నా బిడ్డ పాడైపోతుందని భయపెట్టడం సైన్సా? డెన్మార్క్‌లో 2012లో వచ్చిన పరిశోధనలో వారానికి ఎనిమిది డ్రింకుల దాకా తీసుకున్న తల్లుల పిల్లలకి ఐదేళ్ల వయసులో ఐక్యూ పరీక్ష పెడితే తేడా కనిపించలేదు. మా ఇటలీ కొలీగ్ భోజనంతో అరగ్లాసు వైన్ తీసుకుంది, పిల్లాడు చక్కగా ఉన్నాడు. ఆడవాళ్లకి నిజం చెప్పి నిర్ణయం వాళ్లకే వదలాలి, పిల్లల్ని బెదిరించినట్టు బెదిరించకూడదు.

బ్రాడీపేట 4/14:
ఫార్మకాలజీ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి కొంచెం పెద్దదే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

తల్లి తాగిన ఆల్కహాల్ మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది, కొద్దిసేపట్లోనే బిడ్డ రక్తంలో కూడా దాదాపు తల్లి రక్తంలో ఉన్నంత చేరుతుంది. తల్లి లివర్ దాన్ని విరగ్గొట్టగలదు, బిడ్డ లివర్‌కి ఆ ఎంజైములు ఇంకా సరిగ్గా రావు. పైగా ఉమ్మనీటిలో కూడా చేరుతుంది, బిడ్డ ఆ నీళ్లే మింగుతుంటుంది. కాబట్టి తల్లికి మత్తు దిగిపోయాక కూడా బిడ్డ చుట్టూ అది ఉంటుంది. మొదటి నెలల్లో ముఖం, గుండె, అవయవాలు ఏర్పడే దశ కాబట్టి అవి దెబ్బతినొచ్చు. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి "నాలుగో నెల దాటింది, ఇక పర్వాలేదు" అనే మాట తప్పు.

ఫ్రాన్స్‌లో లెమ్వాన్ అనే డాక్టర్ 1968లోనే తాగే తల్లుల పిల్లలు 127 మందిని చూసి రాశాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలో జోన్స్, స్మిత్ అనే డాక్టర్లు దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టాక ప్రపంచం చూసింది. చిన్న కళ్లు, పల్చటి పైపెదవి, ముక్కుకీ పెదవికీ మధ్య గాడి లేకుండా నున్నగా ఉండటం, ఎదుగుదల తక్కువ, ఇవి గుర్తులు. కానీ దెబ్బతిన్న పిల్లల్లో చాలామందికి ముఖంలో ఏమీ కనిపించదు. లెక్కలు రావు, చెప్పింది గుర్తుండదు, కుదురుండదు, స్కూల్లో "మొద్దు" అనో "అల్లరి" అనో తీసేస్తారు. మన దగ్గర తల్లిని ఎవరూ అడగరు కాబట్టి ఆ పిల్లలు అసలు లెక్కలోకే రారు. నూటికి ఒకరు అన్న కృష్ణలంక గారికి నా జవాబు ఇదే.

ఇక డెన్మార్క్ సంగతి. మేడమ్, మీరు చెప్పింది నిజమే, అలాగే తేలింది, కానీ అది రాసినవాళ్లే గర్భిణులు తాగకపోవడమే మంచిదన్నారు. ఐదేళ్ల పిల్లాడికి పెట్టిన పరీక్షలో దొరకనిది తర్వాత బయటపడొచ్చు. పైగా ఆ దేశాల్లో కొంచెం కొంచెం తాగే ఆడవాళ్లు ఎక్కువగా చదువూ డబ్బూ ఉన్నవాళ్లు, వాళ్ల పిల్లలు ఎలాగూ పరీక్షల్లో ముందుంటారు, ఆ చాటున చిన్న నష్టం దాక్కుంటుంది. అదే 2012లో బ్రిస్టల్‌లో ఇంకో దారిలో వెళ్లారు. ఆల్కహాల్‌ని మెల్లగా విరగ్గొట్టే జన్యువులున్న పిల్లల్ని చూశారు, నాలుగు వేల మందికి పైగా. తల్లి మితంగా తాగిన చోట ఆ జన్యువులున్న పిల్లలకి ఎనిమిదేళ్లకి ఐక్యూ కాస్త తగ్గింది, తల్లి అసలు తాగని చోట ఆ తేడానే లేదు. 2020లో అమెరికాలో తొమ్మిది, పదేళ్ల పిల్లల్ని దాదాపు 9,700 మందిని చూస్తే, కొద్దిగా తాగిన తల్లుల పిల్లల్లో కూడా ప్రవర్తన సమస్యలు కొంచెం ఎక్కువ కనిపించాయి. ఇవేవీ అరగ్లాసుతో బిడ్డ పాడవుతుందని నిరూపించలేదు. ఇంతవరకు పర్వాలేదని చెప్పగల గీత ఎక్కడుందో మాత్రం ఎవరూ చూపించలేకపోయారు. అందుకే బ్రిటన్ 2016లో తన పాత సలహా మార్చుకుని అసలు వద్దు అంది.

ఇంకో మాట. డెన్మార్క్ లెక్కలో ఒక డ్రింకు అంటే 12 గ్రాముల ఆల్కహాల్. మన వైన్ షాపులో దొరికే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 8 శాతం అనుకుంటే, ఒక్క సీసాలోనే 41 గ్రాములు. అంటే మనవాళ్లు "ఒక్క బీరే" అన్నది అక్కడ మూడున్నర డ్రింకులు. అక్కడి నంబర్లు తెచ్చి ఇక్కడ చెప్తే ప్రమాదం.

పటమట కోడలు:
సార్, చాలా థాంక్స్. కానీ ఇదంతా చదివితే మా పిల్ల ఇంకా భయపడుతుంది. ఆ రెండు గ్లాసుల సంగతి సూటిగా చెప్పండి. ఎవరో ఫ్రెండ్ "రిస్క్ ఎందుకు, తీయించేసుకో" అందట. అది విన్నప్పటి నుంచీ నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

స్టాఫ్ నర్సు, గుంటూరు:
తీయించుకోమన్న ఆ ఫ్రెండ్ మాట అసలు వినొద్దని చెప్పండి. తెలియకముందు ఒకసారి రెండు గ్లాసులు తాగడం కడుపు తీయించుకోవడానికి కారణం కాదు, ఏ డాక్టరూ దానికి తీయించుకోమనరు. ప్రమాదం ఎంత తాగారు, ఎన్నిసార్లు తాగారు, ఒకేసారి ఎక్కువ పోశారా అన్నదాన్ని బట్టి పెరుగుతుంది. వారం వారం, లేదా కూర్చున్న చోట నాలుగైదు డ్రింకులు, అక్కడ భయం ఎక్కువ. ఒక్కసారి రెండు గ్లాసులంటే ఆ భయం చాలా తక్కువ, ఇప్పుడు పూర్తిగా మానేసింది కాబట్టి మిగతా నెలలన్నీ బిడ్డకి మంచివే. ఈ వారంలోనే ఫోన్ చేసి డాక్టర్‌కి తనే చెప్పమనండి, ఫోలిక్ యాసిడ్ మానకుండా వేసుకోమనండి. ఐదో నెలలో టిఫా స్కాన్ ఎలాగూ చేస్తారు, అందులో అవయవాలు కనిపిస్తాయి. మెదడు ఎలా పనిచేస్తుందో ఆ స్కాన్‌లో కనిపించదు, కాబట్టి స్కాన్ బాగుంది కదా అని తర్వాత ఎవరూ మళ్లీ గ్లాసు పట్టుకోకూడదు.

ఇంకొకటి, రోజూ తాగే అలవాటున్న గర్భిణి ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్క రోజులో టక్కున మానేయకండి. వణుకు, ఫిట్స్ వచ్చి తల్లికీ బిడ్డకీ ప్రమాదం. ఆసుపత్రిలో చెప్పి, వాళ్ల పర్యవేక్షణలో మానండి. అలాంటి ఆవిడ ముందుకొచ్చినప్పుడు తిట్టి పంపితే మళ్లీ చెకప్‌కే రాదు. అది నేను చూశాను.

మంగళగిరి పెద్దమ్మ:
మరి అరిష్టాల సంగతేంటమ్మా? ఆకలి వేయడానికి ద్రాక్షారిష్టం, బాలింతకి దశమూలారిష్టం ఇప్పటికీ ఇస్తాం. చలి చేయకుండా బాలింతకి బ్రాందీ చెంచాడు పోసే ఇళ్లు కూడా నాకు తెలుసు.

బ్రాడీపేట 4/14:
పెద్దమ్మా, అరిష్టాలు పులియబెట్టి చేసేవే, లేబుల్ మీద ఆల్కహాల్ శాతం రాసి ఉంటుంది చూడండి, 10 శాతం దాకా ఉండేవి ఉన్నాయి. 30 మిల్లీలీటర్లు పోస్తే రెండు గ్రాముల పైచిలుకు. బీరుతో పోలిస్తే తక్కువే, కానీ రోజుకి రెండు పూటలా నెలల తరబడి అంటే ఎందుకు? కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్‌ని అడగకుండా వద్దు, అదే పనికి ఆల్కహాల్ లేని మందులున్నాయి. బాలింతకి బ్రాందీ అసలు వద్దు, రక్తంలో ఎంత ఉంటుందో దాదాపు అంతే పాలలోకి వస్తుంది, చలికి దుప్పటి చాలు.

కృష్ణలంక వాసి:
కల్లు, అరిష్టం, వైన్ అన్నీ విన్నాను. అడగొద్దని ఇక అననుగానీ, నా భయం ఇంకా అక్కడే ఉంది. కర్టెన్ వెనక అడుగుతారు సరే, జవాబు ఫైల్లో రాస్తారు కదా? ఆ ఫైలు చంకలో పెట్టుకుని ఇంటికెళ్లేది అత్తగారే. మొగుడు చూస్తాడు, ఆడపడుచు చూస్తుంది. రేపు బిడ్డకి జ్వరమొచ్చినా "నువ్వు తాగావు కాబట్టే" అంటారు. తాగినవాడు దర్జాగా తిరుగుతాడు, ఒక్కసారి గ్లాసు ముట్టిన పిల్లకి జన్మంతా నింద. దీనికి మీ దగ్గర ఏం జవాబుంది?

స్టాఫ్ నర్సు, గుంటూరు:
న్యాయమైన ప్రశ్న బాబాయ్ గారూ. నేను చేతికిచ్చే కార్డు మీద రాయను, మా దగ్గర ఉండే కేస్ షీట్‌లోనే రాస్తాను, అదీ ఆవిడ సరేనంటేనే. అన్ని చోట్లా అలా చేస్తారని చెప్పలేను, చిన్న క్లినిక్కుల్లో ఒక్కటే ఫైలు, అదే ఇంటికి పంపేస్తారు. అక్కడ నోటితో అడిగి, నోటితోనే సలహా ఇచ్చి వదిలేయాలి. మొగుడు తాగుతాడా, చెయ్యి చేసుకుంటాడా అన్నది కూడా అదే కర్టెన్ వెనక అడగాలి. రేపటి నుంచి ఆ రెండో ప్రశ్న కూడా నేను కలుపుతున్నాను.

పటమట కోడలు:
మా ఆడపడుచు పొద్దున డాక్టర్‌కి తనే ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ తిట్టలేదు, ఇక ముట్టుకోవద్దంది, వచ్చే చెకప్‌కి ఒక్కదాన్నే లోపలికి రమ్మంది. ఆ క్లినిక్‌లో మిగతావాళ్లని కూడా అడగమని నేను రిసెప్షన్‌లో కాగితం రాసి ఇవ్వబోతున్నాను. నర్సమ్మా, మీరు అడిగే వరస, టీ కాఫీతో మొదలయ్యేది, అదే రాసిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.