స్లో కుక్కర్‌లో కోడికూరకి రుచి వచ్చిద్దా?

బెజవాడ బ్యాచిలర్:
పొద్దున ఆఫీసుకి పోయేముందు చికెన్, ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, కారం అన్నీ పచ్చివే స్లో కుక్కర్‌లో (సన్నని వేడిమీద గంటలకొద్దీ ఉడికించే కరెంటు గిన్నె) పడేసి ‘లో’ అనే తక్కువ వేడి మీద పెట్టి పోతున్నా, సాయంత్రానికి ముక్క మెత్తగానే ఉంటంది గానీ కూరంతా నీళ్లునీళ్లు, కారం పచ్చివాసన. అసలిది మన వంటకి పనికొచ్చే మిషనేనా?

పటమట పిన్ని:
పనికిరాదు నాయనా. రుచంతా ఉల్లిపాయ ఎర్రగా వేగడంలో, మసాలా నూనె వదలడంలో ఉండిద్ది. నీళ్లున్న గిన్నె 100 డిగ్రీలు దాటదు, ముక్కకి ఎరుపు తిరగాలంటే 140 దాకా పోవాలి. పైగా మూత వేశాక ఆవిరి బయటికే పోదు, ఇక ఇగిరేదెప్పుడు?

అరండల్‌పేట భోజనప్రియుడు:
పిన్నిగారూ, వేపుడు సంగతి మీరన్నది నిజమే, కానీ అసలు తేడా కోడిలో ఉందండీ. ఫారం కోడి పొయ్యి మీద అరగంటకే ఉడికిద్ది, దాన్ని పొద్దుగూకేదాకా పెడితే బ్రెస్ట్ ముక్క పీచులాగా అయిపోద్ది. అదే నాటుకోడి కాళ్ల ముక్కలైతే లోపలి కొలాజెన్ (ముక్కని గట్టిగా పట్టి ఉంచే జిగురు పదార్థం) నిదానంగా కరిగి పులుసు చిక్కబడిద్ది. మేమైతే ముందు మూకుడులో ఉల్లిపాయ ఎర్రగా వేయించి, అల్లంవెల్లుల్లి పచ్చివాసన పోయాక ముక్కలేసి నీరు ఇగిరేదాకా తిప్పి, పొయ్యి కట్టేసి ఆ వేడిమీదే కారం కలిపి (మన గుంటూరు కారం మాడిందంటే చేదే) అప్పుడు కుక్కర్‌లోకి వంపుతాం. నాటుకోడికి గ్లాసు నీళ్లు, ఫారం కోడికి చుక్క కూడా వద్దు. గోంగూరైతే విడిగా మగ్గించి ఆఖర్లో కలపాలి. మూత మాటిమాటికీ తీయొద్దు, తీసినప్పుడల్లా ఇరవై నిమిషాలు వెనక్కి పోయినట్టే.

పటమట పిన్ని:
అంతా మూకుడులో వేయించాక అందులోనే మూతపెట్టి సిమ్‌లో వదిలేస్తే సరిపోయేదానికి ఇంకో గిన్నె ఎందుకయ్యా, తోమేదెవరు?

అరండల్‌పేట భోజనప్రియుడు:
తోమడం తప్పదు, ఒప్పుకుంటా 😀 కానీ సిమ్‌లో పెడితే అడుగంటుద్దేమోనని ఇంట్లోనే కూర్చోవాలిగా. ఈ స్లో కుక్కర్ 200 వాట్లదైతే ఆరు గంటలకి యూనిట్ పైచిలుకు, అంతే.

కరెంటు మిత్రుడు:
ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి మళ్లీ వస్తే మీకు తెలిసేదెట్లా? కూర 60 డిగ్రీల కిందకి దిగి గంటలకొద్దీ ఉంటే బ్యాక్టీరియా పెరిగిద్ది. గడ్డకట్టిన చికెన్ డైరెక్టుగా వేయడం కూడా ఇందుకే వద్దనేది. ఇంకోటి, అమెరికా నుంచి తెప్పించుకున్నదైతే అది 110, 120 వోల్టులది, మన 230లో పెట్టారంటే కాలిపోద్ది.

బెజవాడ బ్యాచిలర్:
మనది ఇక్కడ కొన్నదేలెండి. ఆదివారం ఇంట్లోనే ఉంటా, నాటుకోడితో చూస్తా. తోలు తీయించాలా?

పటమట పిన్ని:
తీయించొద్దు, పసుపు రాసి కాల్చి ఇమ్మను. సగం ముక్కలు మూకుడులో కూడా వండు, రెండూ తిని అప్పుడు చెప్పు.