ఇల్లు తాళం వేసి ఉంది, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది

రాజోలు అబ్బాయి:
అందరికీ నమస్కారం. రాత్రి నుంచి ఈ లెక్కతోనే కుస్తీ పడుతున్నాను, తల పగిలిపోతోంది. రాజోలు దగ్గర మా ఇల్లు తాళం వేసి ఉంది. అమ్మానాన్నలు హైదరాబాదులో నా దగ్గరే ఉంటున్నారు. వచ్చేటప్పుడు మెయిన్ ఆపేసి, ఫ్రిజ్ ఖాళీ చేసి, దాని తలుపు ఓరగా తెరిచిపెట్టి మరీ వచ్చాను. ఈ మధ్యే పాత మీటరు తీసి స్మార్ట్ మీటరు బిగించారు. యాప్‌లో చూస్తే రోజుకు 3.8 కిలోవాట్లు కాలినట్టు ఉంది. మనిషి లేని ఇంట్లో కరెంటు ఎవరు వాడుతున్నారు, దయ్యాలా? కెమెరాలో చూస్తూనే ఉన్నాను, వరండాలో పిల్లి తప్ప ఏదీ కదలడం లేదు. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేస్తే "మీటరు బాగానే ఉందండి" అని పెట్టేశారు. ఈ మీటర్లే పెద్ద మోసం. ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

పాలకొల్లు పంతులు:
ముందు ఒక సవరణ. రోజుకు ఇన్ని కిలోవాట్లు అని ఎవరూ కాల్చరు. కిలోవాట్ అంటే ఆ క్షణంలో లాగుతున్న లోడు. 1000 వాట్ల హీటరు గంటసేపు వేస్తే కిలోవాట్ అవర్, అదే యూనిట్. పైగా మీటరు తెర మీద యూనిట్లు, కేవీఏహెచ్ అనే మరో రకం లెక్క, గరిష్ఠ డిమాండ్ (నమోదైన అత్యధిక లోడు) ఒకదాని తర్వాత ఒకటి మారుతూ ఉంటాయి. మీరు చూసింది వీటిలో ఏది?

రాజోలు అబ్బాయి:
యూనిట్లేనండీ. బిల్లు కట్టేవాడికి పేరు ఏదైతే ఏమిటి?

పాలకొల్లు పంతులు:
పేరు తప్పయితే లెక్కా తప్పుతుంది. తర్వాత మీ ఇష్టం.

విశ్రాంత ఉద్యోగి, మండపేట:
నాయనా, అందరూ మీటరును తిడతారు, ఎర్తింగ్ సంగతి ఒక్కరూ ఎత్తరు. ఈ రోజుల్లో ఇల్లు కట్టేవారు పాలరాతికి లక్షలు పోస్తారు, ఎర్త్ దగ్గరికి వచ్చేసరికి నాలుగడుగుల పైపు దిగ్గొట్టి చేతులు దులుపుకుంటారు. మా రోజుల్లో మనిషి లోతు దాటి గొయ్యి తీసి, పలక దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయించేవాళ్ళం. మన డెల్టా నల్లనేలలో తడి ఆరదు కాబట్టి సరిపోతుంది. ఇసుక మేట వేసిన లంకల్లో అలా కాదు, వేసవిలో గుంతలో నీళ్ళు పోయకపోతే అది ఎర్త్ ఉండీ లేనట్టే. మీ ఇంటి ఎర్త్ గుంత ఎప్పుడు తీయించారు? చివరిసారి నీళ్ళు ఎప్పుడు పోశారు?

వైర్‌మన్, అంబాజీపేట:
మెయిన్ ఆపాక కెమెరా దేనితో నడుస్తోంది?

రాజోలు అబ్బాయి:
కెమెరాకూ ఇంటర్నెట్ డబ్బాకూ మా ఎలక్ట్రీషియన్ మీటరు బోర్డు నుంచి విడిగా లైను ఇచ్చాడు, మెయిన్ ఆపినా పనిచేయాలని. ఆ రెండూ కలిసి రోజుకు నాలుగు యూనిట్లు తాగుతాయా? అడిగినది వదిలేసి అందరూ నన్నే ప్రశ్నిస్తున్నారు.

వైర్‌మన్, అంబాజీపేట:
తాగవు. యాప్‌లో అరగంట లెక్క ఉంటుంది. అది చూసి చెప్పండి.

చెరువుగట్టు, భీమవరం:
మీకు యాప్‌లో లెక్కయినా కనిపిస్తోంది. మా వైపు రాత్రి పొద్దుపోయాక రొయ్యల చెరువుల మీద నీటిని చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారి వేస్తారు, వోల్టేజి 180కి పడిపోతుంది. వేయకపోతే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తగ్గి రొయ్య తేలిపోతుంది. వోల్టేజి తగ్గితే మీటరు ఎక్కువ తిరుగుతుందని మా లైన్‌మనే చెప్పాడు. మీది కూడా అదే అయి ఉంటుంది.

పాలకొల్లు పంతులు:
తిరగదండీ. వోల్టేజి తగ్గితే నడుస్తున్న మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, చుట్ట వేడెక్కుతుంది, కొంత వృథా అవుతుంది. అదే పాతకాలం బల్బయితే మసకబారి తక్కువ కాలుతుంది. వోల్టేజి పడిందని మీటరు తనంతట తాను యూనిట్లు వేయదు.

చెరువుగట్టు, భీమవరం:
చెరువు గట్టు మీద ఒక్క రాత్రి పడుకుంటే మీకే తెలుస్తుంది, పంతులుగారూ.

రాజోలు అబ్బాయి:
అరగంట లెక్క చూశాను. పగలూ రాత్రీ తేడా లేదు, ప్రతి అరగంటకూ 0.08. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం 0.10, 0.11 ఉంది, ఆ రోజు మొత్తం ఐదు దాటింది. వానకూ మీటరుకూ సంబంధం ఏమిటి? అందుకే మోసం అంటున్నాను.

ఆత్రేయపురం ఆడపడుచు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు కదండీ! అరగంటకు 0.08 అంటే 160 వాట్లు, ఆగకుండా. ఫ్రిజ్ అయితే కాసేపు లాగి కాసేపు ఆగుతుంది, లెక్కలో ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. ట్యాంకు మోటారైతే పెద్ద అంకె వచ్చి సున్నాకు పడిపోతుంది. ఇలా గీత గీసినట్టు ఉండి, నేల తడిస్తే పెరిగిందంటే ఎక్కడో తీగ నుంచి కరెంటు భూమిలోకి పోతోందని నా అనుమానం. 160 వాట్లంటే సుమారు 0.7 ఆంపియరు. దీనికి ఫ్యూజు కాలదు, కాబట్టి ఎవరికీ తెలియదు. మెయిన్ కంటే ముందు ఇంకేమైనా లైను ఉందా? పశువుల పాక, వీధి దీపం, బోరు?

రాజోలు అబ్బాయి:
పాక ఎప్పుడో తీసేశాం. పెరట్లో కొబ్బరిచెట్లకు నీళ్ళు పెట్టే మోటారు ఒకటి ఉంది, దానికి మీటరు పక్కనే వేరే ఫ్యూజు. దాన్ని వేసేవాళ్ళే లేరు, అందుకే రాయలేదు. స్టార్టరు కూడా ఆపే ఉంది.

వైర్‌మన్, అంబాజీపేట:
స్టార్టరు ఎక్కడుంది? తీగ నేలలోనుంచి వెళ్తోందా?

రాజోలు అబ్బాయి:
స్టార్టరు బోరు దగ్గర గదిలో. తీగ నేలలోనే. పైపులో వేశామనే నాన్నగారు అంటున్నారు. మొన్న కొబ్బరికాయల దింపుకు ముందు చెట్ల పాదులు తవ్వించామని కూడా ఇప్పుడే చెప్పారు.

వైర్‌మన్, అంబాజీపేట:
స్టార్టరు ఆపితే మోటారు ఆగుతుంది. ఫ్యూజు నుంచి స్టార్టరు దాకా తీగలో కరెంటు ఉంటుంది. పలుగు తగిలి ఉంటుంది. ఫ్యూజు తీయించండి.

ఆత్రేయపురం ఆడపడుచు:
తీసేవారు ఎలక్ట్రీషియన్ అయి ఉండాలి. పక్కింటి పెద్దాయనను పంపకండి, అందులోనూ వానలో. అప్పటిదాకా ఆ పాదుల వైపు చెప్పుల్లేకుండా ఎవరినీ వెళ్ళనివ్వకండి, పశువులను కూడా తోలవద్దు. వచ్చిన మనిషిని టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ దవడలు పట్టించి కరెంటు కొలిచే పరికరం) తెమ్మనండి. ఫేజు, న్యూట్రల్ తీగలు రెంటినీ కలిపి దాని దవడల మధ్య పెడితే సున్నా చూపాలి. చూపకపోతే తేడా అంతా భూమిలోకి పోతున్నట్టే. ఇక మోసం సంగతి. కొత్త మీటర్లు ఫేజులో వెళ్ళిన కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగివచ్చిన కరెంటునూ రెంటినీ కొలుస్తాయి, తేడా ఉంటే చాలావాటిలో ఎర్త్ గుర్తు వెలుగుతుంది. అది వెలుగుతోందేమో ముందు అడగండి. నెలకు 115 యూనిట్లు ఇదివరకు కూడా పోయి ఉండవచ్చు, ఇంట్లో మనుషులున్నప్పుడు బిల్లులో కలిసిపోయి ఉంటుంది.

విశ్రాంత ఉద్యోగి, మండపేట:
నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే. ఎర్తింగ్.

పాలకొల్లు పంతులు:
మీరు చెప్పింది ఎర్త్ గుంత గురించి. ఇది ఎర్త్ లీకేజీ, అంటే దెబ్బతిన్న తీగ నుంచి కరెంటు నేలలోకి కారడం. రెండూ వేరు.

గోదారి గట్టు:
తీగ బాగానే ఉందని తేలితే మీటరు మీద కరెంటు ఫిర్యాదుల ఫోన్ 1912కు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024లో సవరించారు. రీడింగు మీద ఫిర్యాదు చేస్తే 5 రోజుల్లో అదనపు మీటరు పెట్టి, కనీసం 3 నెలలు పోల్చి చూడాలి. "మీటరు బాగానే ఉందండి" అని ఫోన్ పెట్టేస్తే కుదరదు.

రాజోలు అబ్బాయి:
మా బాబాయి ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్ళి మోటారు ఫ్యూజు తీయించారు. నిన్న మొత్తానికి 0.3 చూపించింది, అది కెమెరాదే అయి ఉంటుంది. థ్యాంక్స్ అండీ. మీటింగులో ఉన్నాను, తర్వాత రాస్తాను.

వైర్‌మన్, అంబాజీపేట:
తీగ పైకి తీశారా? ఫ్యూజు మళ్ళీ ఎవరైనా పెడితే కథ మొదటికి వస్తుంది. కొత్త తీగకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి కారితే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) పెట్టించండి.

ఆత్రేయపురం ఆడపడుచు:
ఎర్త్ గుర్తు ఆరిందో లేదో కూడా చెప్పండి.

చెరువుగట్టు, భీమవరం:
పనిలో పని, నాదొక సందేహం. మా ఇంటి పైన సోలార్ పలకలు పెట్టించాం. పగలు మేము పంపిన యూనిట్లు మీటరులో కనిపిస్తున్నాయి, బిల్లులో కనిపించడం లేదు. ఎవరిని అడగాలి?

పాలకొల్లు పంతులు:
పంపినవి ఎక్కడ చూశారు, తెర మీదా, యాప్‌లోనా?